మిలటరీ లారీలో లోపలి గడియ

కువైట్ నుంచి,
శుక్రవారం మధ్యాహ్నం

అక్కకీ బావగారికీ నాగమణి నమస్కారాలు.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మీ అందరి ఆరోగ్యాలు ఎలా ఉన్నాయో రాయాలి. నీ మోకాలినొప్పి ఏమైనా నెమ్మదించిందా? నూనె వెచ్చచేసి రాయమన్నాను, రాస్తున్నావా, రేపు రేపు అంటున్నావా? బావగారు మధ్యాహ్నం మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నారా? మీ అత్తగారి దగ్గు తగ్గిందా? మొన్నటి గాలికి తోటలో రెండు కొబ్బరిచెట్లు పడ్డాయన్నావు. పడితే పడ్డాయి, ఇంటి వైపు పడలేదు, అదే దేవుడి దయ. దేవికి నా ముద్దులు. కానీ ఈ ఉత్తరం దేవికి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. తరవాత బావగారికి చెప్పు.

ఫోనుండగా ఈ రోజుల్లో ఉత్తరమేమిటే అని నవ్వుతావు. నేను ఫోను చేసినప్పుడు నీ పక్కన దేవి ఉంటుంది. ఇక్కడేమో నేను వంటింట్లో నిలబడి మాట్లాడాలి, ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళకి తెలుగు రాదు, నిజమే. ఏడుపు తెలుస్తుంది కదా. అందుకని రెండేళ్ళుగా “బాగున్నాను, బాగానే చూసుకుంటున్నారు” అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నాను. అవి అబద్ధాలు కావక్కా. వాటి వెనక ఇంకా కొంత ఉంది, అంతే. మా వీధిలో పనిచేసే మామిడికుదురు వెంకటలక్ష్మి సెలవు మీద వస్తోంది. నీ చేతికే ఇవ్వమని చెప్పి ఇది పంపుతున్నాను. ఖర్జూరాలు, నీ మోకాలికి ఒక మందు డబ్బా కూడా పంపుతున్నాను.

దేవి సంగతి ఏం తేల్చావని నువ్వు మొన్న అడిగావు. ఆలోచించి చెబుతానన్నాను. నీ గొంతు వెంటనే చిన్నబోయింది. తప్పు నాదే. మా యజమానురాలి రెండో కొడుకు ఇంట్లో పనికి మనిషి కావాలి, మీ వాళ్ళమ్మాయి ఎవరైనా ఉంటే చూడు అని ఆవిడ అన్న రోజునే నీ కూతుర్ని పంపమని నీకు ఫోను చేసి ఊరించింది నేనే. దేవి పాస్‌పోర్టు తీయించుకుంది, పెట్టె కొనుక్కుంది. ఇప్పుడు నేనే నానుస్తున్నాను. ఎందుకో చెబుతాను. చెప్పాలంటే ఒక లారీ సంగతి చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదువు.

ఇక్కడ పనివాళ్ళం యజమానురాలిని మామా అంటాం, యజమానిని బాబా అంటాం. మా మామాకి డెబ్భై దాటాయి. కిందటేడు పడి తుంటి విరిగింది. అప్పటినుంచి లేవాలన్నా, కూర్చోవాలన్నా, బాత్‌రూముకి వెళ్ళాలన్నా నా భుజమే. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. బాబా ఆవిడకంటే పెద్దవాడు, మాట తక్కువ. కుర్రతనంలో సైన్యంలో లారీ తోలాడట. కొడుకులు, మనవలు వేరే ఇళ్ళలో ఉంటారు గానీ రోజూ ఎవరో ఒకరు ఇక్కడే తింటారు.

నా గది మెట్ల కింద. బియ్యం బస్తాలు, నీళ్ళ సీసాలు, సబ్బు పొడి పెట్టుకునే గది అది. ఒక పక్క నా మంచం. ఆ గది తలుపుకి బయట గొళ్ళెం ఉంది, లోపల గడియ లేదు. ఎవరికేం కావాలన్నా తలుపు తోసుకుని వచ్చి తీసుకుపోతారు, పగలైనా రాత్రైనా. నన్నెవరూ ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు. నీ మీద ఒట్టు. కానీ వచ్చిన కొత్తలో ఒకసారి నిద్రలో ఉండగా తలుపు తెరుచుకుంది. ఎవరో మగమనిషి నీడ, నా కాళ్ళు దాటుకుంటూ వెళ్ళి నీళ్ళ సీసాల కట్ట తీసుకుని వెళ్ళిపోయింది. అంతే జరిగింది. ఆ రోజు నుంచి పెట్టె తలుపుకి ఆనించి, దాని మీద స్టీలు గ్లాసు పెట్టి పడుకుంటున్నాను. గ్లాసు పడితే మెలకువ వస్తుందని. గ్లాసు పడకపోయినా మెలకువ వస్తూనే ఉంటుంది. ఫోటోలో కళ్ళు గుంటలు పడ్డాయే అన్నావు చూడు, అది ఎండకి కాదు.

ఇక లారీ. చలికాలం వస్తే ఇక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటారు. మనవాళ్ళు కార్తీకంలో తోటలకి వెళ్ళినట్టు, వీళ్ళు రోజుల తరబడి. కిందటి చలికాలం మామా వెళ్ళలేకపోయింది. నేల మీద పరుపుల్లోంచి లేవలేదు మరి. అందరూ వెళ్ళారు, ఆవిడా నేనూ ఇంట్లో ఉండిపోయాం. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని నన్ను తిడుతూ గడిపింది.

ఈ ఏడు చలికాలానికి ముందు బాబా ఎవరికీ చెప్పకుండా వేలంలో ఒక పాత మిలటరీ లారీ కొని ఇంటి ముందు నిలబెట్టాడు. ఇసకరంగు, మన పశువుల పాక అంత ఎత్తు. మామా చూసి, “ముసలి గాడిద పోయి ఇంకో ముసలి గాడిదని తెచ్చింది” అంది. ఆయన నవ్వి, “దీని మీద నీకు గది కట్టిస్తాను. మంచం మీద పడుకునే ఎడారికి వస్తావు” అన్నాడు. మామా మొహం గోడవైపు తిప్పుకుంది. నేను తల దువ్వుతున్నానేమో, ఆవిడ కళ్ళు తడవడం నాకు కనిపించింది.

ఇనప చట్రం వెల్డింగువాళ్ళు వచ్చి రెండు రోజుల్లో బిగించిపోయారు. లోపలి చెక్కపనికి ఒక వడ్రంగి వచ్చాడు. ఏ దేశంవాడో అనుకుని నా పనిలో నేనున్నాను. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే బయట సుత్తిదెబ్బ, వెంటనే “ఓర్నాయనోయ్!” అని కేక. కత్తి అక్కడే పారేసి పరిగెత్తాను.

“ఎవరండీ అది, తెలుగువాళ్ళా?” అన్నాను.

అరవయ్యేళ్ళాయన, వేలు నోట్లో పెట్టుకుని లారీలోంచి తొంగిచూశారు. “ఆయ్! నేనేనండీ. మీదే ఊరండీ?”

“రాజోలు దగ్గరండి. మా అక్కది అప్పనపల్లి.”

“ఎంత దూరవండీ, ఆటో ఎక్కితే వచ్చేత్తాం! మాది దిండి. హౌస్ బోట్లకి గదులు కట్టేవోణ్ణండి. సూర్రావంటారు నన్ను.”

మంచుముక్క గుడ్డలో కట్టి ఆయన వేలికి ఇచ్చాను. దెబ్బ ఆయనకి తగిలితే ఏడుపు నాకొచ్చింది. ఆయన మంచుముక్క వేలికి అదుముకుని, “బోటుకి గది కట్టేను గాని లారీకి కట్టడం ఇదే మొదలండీ. రెండూ ఊగుతాయి, ఒకటేలెండి” అన్నారు.

సూర్రావు గారు పన్నెండు రోజులు పని చేశారు. ఆ పన్నెండు రోజులూ నేను ఏదో ఒక వంక పెట్టుకుని లారీ దగ్గరికి వెళుతూనే ఉన్నాను. నా అదృష్టం కొద్దీ వంకలు ఆయనే ఇచ్చేవారు. “పెద్దావిడ కాలు ఎంతెత్తు లేపుద్దండీ?” అని అడిగారు మొదటి రోజే. జానెడు లేపుతుంది, అదీ ఎడమకాలైతేనే అన్నాను. ఆయన జాన వేసి చూసుకుని, మెట్టుకీ మెట్టుకీ జానెడు చొప్పున ఏడు మెట్లు కట్టారు. కుడిచెయ్యి వణుకుతుందంటే పట్టుకునే కమ్మీ ఎడమవైపు పెట్టారు. మామా మోకాలి ఎత్తు నేను దారంతో కొలిచి తెస్తే మంచం సరిగ్గా అంతే ఎత్తు చేశారు. లోపల సైనికులు కూర్చునే బల్లలు పీకేసిన చోట బొక్కలుంటే ఒక్కోదానికీ చెక్క చీల చెక్కి దిగ్గొట్టారు. రేకుకీ చెక్కకీ మధ్య ఎండా చలీ రాకుండా పలకలు కూరారు. పని చేస్తూ గోదావరి పోటెక్కినప్పటి కబుర్లు చెబుతుంటే నేను మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేదాన్ని. మామా కోసం చేసిన వంటలో కలవకుండా ఒక చిన్న గిన్నెలో పప్పుచారు కాచి ఇచ్చేదాన్ని. “ఇంగువ వేసేరండీ!” అని ఆయన మురిసిపోవడం చూడాలి.

ఒకరోజు ఆయన కాగితం పరిచి అడిగారు. పెద్దకొడుకు గీసిచ్చిన బొమ్మ అది. ఇటు మామా మంచం, అటు బాబా మంచం.

“మరి మీకెక్కడండీ?”

రెండు మంచాల మధ్య, తలుపు దగ్గర, మడత పలక ఒకటి గీసి ఉంది. ఇదిగో ఇక్కడేనట అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. “ఇది దోవ కదండీ. దోవలో మనిషి పడుకుంటాదేంటండీ?”

ఆ రోజంతా ఆ మాటే నా చెవిలో ఉంది. మర్నాడు వెళ్ళి, ఒక గోడ పెట్టొచ్చా, తలుపు పెట్టొచ్చా, లోపల గడియ పెట్టొచ్చా అని అడిగాను.

“పెట్టొచ్చండి. డ్రైవరు వెనకాల మూడడుగులు మిగులుద్ది. నడుం వాల్చడానికి సరిపోద్ది. గాని ఇందులో గియ్యలేదు కదండీ, నేనడిగితే నీ పని నువ్వు చూసుకో అంటారు. మీరే అడగాలండి.”

అడగాలంటే ఎంత భయం వేసిందో తెలుసా అక్కా. రెండు రోజులు నోట్లో మాట నోట్లోనే ఉంది. గడియ కావాలంటే ఎవరిమీదో నేరం మోపినట్టే కదా. మూడో రోజు మామా తలకి నూనె రాస్తూ, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో అడిగేశాను. లారీలో నాకు చిన్న గోడ, తలుపు, లోపల గడియ.

ఆవిడ నా చెయ్యి తోసేసి వెనక్కి తిరిగింది. “నా ఇంట్లో నిన్నెవరైనా ఏమైనా అన్నారా?”

“లేదు మామా.”

“నా కొడుకులా? నా మనవలా?”

“లేదు, లేదు.”

“మరి గడియ ఎవరి మీద?”

నాకు భాష చాలలేదు. తెలుగులో అయితే చెప్పేదాన్ని, ఎవరిమీదా కాదమ్మా, నా నిద్ర కోసమని. రెండు చేతులూ చెంప కింద పెట్టి, కళ్ళు మూసి, నిద్ర, నిద్ర అన్నాను. ఆవిడకి రెండు రోజులు అవసరమైతే తప్ప నాతో మాటే లేదు. నన్ను పంపించేస్తారనే అనుకున్నాను. బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుకున్నాను కూడా.

మూడో రోజు పొద్దున్న కాఫీ ఇస్తుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. “రాత్రి నేను పడిపోయి పిలిస్తే? నువ్వు గడియ వేసుకుని ఉంటే?” అంది.

అప్పుడు తెలిసింది, అది కోపం కాదని. తుంటి విరిగినప్పుడు ఆవిడ బాత్‌రూములో పడి, తెల్లవారేదాకా పిలుస్తూనే ఉందట. ఇంట్లో అందరూ తలుపులేసుకుని పడుకున్నారు. నేనూ పడుకున్నాను. మెట్ల కిందికి ఆ కేక వినిపించదు. పొద్దున్న మొదట చూసింది నేనే. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ పూట ఆవిడ ఎత్తింది.

నేను సూర్రావు గారి దగ్గరికి పరిగెత్తి విషయం చెప్పాను. ఆయన ఆలోచించడానికి ఎంతో సేపు పట్టలేదు. “గోడ పెడదాం. గోడకి తలల దగ్గర చిన్న కిటికీ పెడదాం, పక్కకి జారేది. మనిషి పట్టదండీ, చెయ్యి పడుద్ది. ఆవిడ పిలవక్కర్లేదు, చెయ్యి పెట్టి తట్టితే చాలు. గడియ మీ వైపే.”

మామాని చక్రాల కుర్చీలో లారీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏడు మెట్లూ నా భుజం పట్టుకుని తనే ఎక్కింది. మంచం మీద కూర్చుంది. సూర్రావు గారు చెక్క ముక్క అడ్డంపెట్టి కిటికీ ఎక్కడ వస్తుందో చూపించారు. ఆవిడ చెయ్యి చాపి చూసుకుంది. ఇంకో నాలుగు వేళ్ళు కిందికి అంది. అంతే. పెద్దకొడుకు వచ్చి బొమ్మలో ఇది లేదే అంటే, “బొమ్మలో నా తుంటి కూడా లేదు” అందట. బాబా చెప్పాడు నాకు, నవ్వుతూ.

పన్నెండో రోజు సూర్రావు గారు వెళ్ళిపోయారు. వేరే ఊళ్ళో పని దొరికిందట. గడియ బిగించి, నా చేత పదిసార్లు వేయించి తీయించి, “బిగుతుగా ఉందాండీ? వాడగా వాడగా వదులవుద్దండి. ఉంటానమ్మా” అన్నారు. నెంబరు ఇచ్చారు. ఒక్కసారి ఫోను చేశాను. బాగున్నారా అంటే బాగున్నానండి అన్నారు, మీరు బాగున్నారా అంటే బాగున్నానండి అన్నాను. పక్కన సుత్తీ చెక్కా లేకపోతే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన వెళ్ళిన వారమంతా ఒలిచిన చిక్కుడుకాయలే మళ్ళీ ఒలుస్తున్నట్టు ఉండేది. నాలో నేను పైకి మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. మామా విని, ఎవరితో అంది. ఎవరితోనూ కాదన్నాను.

కిందటి నెల ఎడారికి వెళ్ళాం, మూడు రాత్రులు. చుట్టూ ఏమీ లేదక్కా, ఇసుక, ఆకాశం. గాలికి అడ్డు ఒక్క చెట్టు లేదు. మన వైపు ఎటు చూసినా ఏదో ఒక పచ్చ ఆకు కళ్ళకి తగులుతుంది కదా, ఇక్కడ చూపు పోతూనే ఉంటుంది. మొదటి రాత్రి మామాని పడుకోబెట్టి, నా మూడడుగుల గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాను. పెట్టె అడ్డం పెట్టలేదు. తరవాత నాకేమీ తెలియదు. జుట్టు ఎవరో లాగుతుంటే మెలకువ వచ్చింది. చూస్తే ఎండ వచ్చేసింది. కిటికీలోంచి మామా చెయ్యి నా జడ పట్టుకుని ఉంది.

“మూడుసార్లు తట్టాను. ఒంటెలా గురకపెడుతున్నావు” అంది.

రెండేళ్ళ నిద్ర బాకీ ఒక్క రాత్రిలో తీరినట్టుంది. నాకు గురక వస్తుందని ఎవరూ చెప్పలేదే, మా ఆయన పోయాక చెప్పేవాళ్ళెవరు? ఆ మూడు రాత్రులూ అలాగే పడుకున్నాను. తిరిగొచ్చాక మళ్ళీ మెట్ల కింద గదే. లారీ ఇప్పుడు గోడపక్కన పట్టా కప్పుకుని ఉంది. నా గదికి కూడా గడియ కావాలని ఇంకా అడగలేదు. అడుగుతాను.

ఇప్పుడు దేవి సంగతి. ఎడారి నుంచి వచ్చాక, రెండో కొడుకు ఇల్లు చూసి వస్తానని మామాని అడిగాను. మాకు రెండు వీధుల అవతలే. కోడలు మంచి పిల్ల, పళ్ళరసం ఇచ్చి కూర్చోబెట్టింది. ముగ్గురు చిన్నపిల్లలు. మనిషి ఎక్కడ పడుకోవాలి అని అడిగాను. వంటింటికీ మగవాళ్ళు కూర్చునే హాలుకీ మధ్య నడవ చూపించింది. పరుపు చుట్టి మూల నిలబెట్టి ఉంది. పగలు పిల్లలు దాని మీద ఎక్కి దూకుతారట. ఆ నడవకి ఇటూ అటూ తలుపే లేదు. ఆ పిల్ల అందులో దాచేదేమీ లేనట్టు నవ్వుతూనే చెప్పింది. ఆమెకి అది తప్పని తెలియదు కూడా.

ఇంటికొచ్చి మామాతో మా అక్క కూతురు రాదని చెప్పాను.

“జీతం చాలదా?” అంది.

“జీతం గురించి కాదు మామా. అక్కడ పడుకోడానికి తలుపున్న చోటు లేదు.”

ఆవిడ కోడలితో మాట్లాడతానంది. మాట్లాడండి, గది కట్టాక అడగండి అన్నాను. ఈ నోటితోనే అన్నానక్కా.

నీకు కష్టంగానే ఉంటుంది. తను మాత్రం వెళ్ళి, నా కూతురికొచ్చేసరికి అడ్డం పడుతోంది అనుకోకు. ఒక్క మాట చెబుతాను, ఇది బావగారికి కూడా చెప్పకు. దేవి వస్తుందన్న రోజు నుంచి నేనేం చేశానో తెలుసా? రెండు వీధులు ఎన్ని అడుగులో నడిచి చూసుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం నాకు మూడు గంటలు ఖాళీ. దాన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టి తల దువ్వాలని, గోంగూర ఎక్కడ దొరుకుతుందో వెంకటలక్ష్మిని అడిగి పెట్టుకున్నాను. నేను ఎత్తుకు తిరిగిన పిల్ల, నా వాళ్ళ మొహం, నా భాష, రెండు వీధుల్లో. ఈ దేశంలో నాకు అంతకంటే కావలసింది ఏదీ లేదు. అందుకే ఇన్నాళ్ళు నాన్చాను. ఆ నడవ చూశాక కూడా రెండు రోజులు, పర్వాలేదులే, సర్దుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. నేను సర్దుకోలేదా అనుకున్నాను. నా ఒంటరితనం పోవడానికి దాని నిద్ర తీసుకోలేనక్కా.

దేవికి కారణాలేవీ చెప్పకు. పిన్ని వద్దంది అని చెప్పు, చాలు. కోపం నా మీద పెట్టుకోనీ. పాస్‌పోర్టు జాగ్రత్తగా దాచమను, ఎప్పటికైనా తలుపున్న ఇల్లు దొరికితే నేనే మొదట ఫోను చేస్తాను.

వెంకటలక్ష్మి తిరిగి వచ్చేటప్పుడు చల్లమిరపకాయలు, కాస్త కందిపొడి పంపు. ఎక్కువ వద్దు, ఆమెకీ బరువు. మీ అత్తగారికి నా దండాలు చెప్పి, నా పేరు చెప్పి ఆవిడ కాళ్ళకి నమస్కారం పెట్టు. నువ్వూ బావగారూ నన్ను మనసారా దీవించండి. నా గురించి దిగులు పెట్టుకోకు. చలి ఉంది గానీ దుప్పట్లున్నాయి. తిండికి లోటు లేదు. నేను బాగానే ఉన్నాను, నిజంగానే. ఉత్తరం రాసి ఏళ్ళయింది, తప్పులుంటే సర్దుకుని చదువు.

వచ్చే శుక్రవారం ఫోను చేస్తాను. ఒక్క నిమిషం దేవికి ఇవ్వు. తిట్టినా సరే, దాని గొంతు విని పెట్టేస్తాను.

మీ దీవెనలు కోరే
నీ చెల్లెలు
నాగమణి